కొత్తగా నేర్చుకునేవాళ్లు నేరుగా పెద్ద బైక్ కొనొచ్చా?

గేర్ల బండి ఇప్పుడే నేర్చుకుంటున్నాను, 390 సీసీ బైక్ కొనొచ్చా అని అడిగారు. ఇప్పుడే వద్దండీ. కనీసం ఒక ఏడాది 100, 125 సీసీ బండి మీద తిరగండి. చిన్న బండి మీద తప్పు చేసినా సర్దుకోవచ్చు. పెద్దదాని మీద యాక్సిలరేటర్ కాస్త ఎక్కువ తిప్పితే ఆలోచించుకునే టైమ్ కూడా ఉండదు.

మొదట బ్రేకు వేయడం నేర్చుకోండి. ఆగేటప్పుడు బరువు ముందు చక్రం మీదకి వస్తుంది కాబట్టి ఎక్కువ పని ముందు బ్రేకుదే. పడిపోతామన్న భయంతో చాలామంది దాన్ని ముట్టుకోనే ముట్టుకోరు. ఖాళీ గ్రౌండులో 30 వేగంతో వెళ్తూ, హ్యాండిల్ తిన్నగా పెట్టి, ముందు బ్రేకుని గూడూరు నిమ్మకాయ పిండినట్టు మెల్లగా బిగించండి, వెనక బ్రేకు కూడా కలిపి. వేగం రెట్టింపైతే, బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం దాదాపు నాలుగింతలవుతుంది.

మన నెల్లూరు పల్లెల్లో కోతల రోజుల్లో రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు. వాటి మీద బ్రేకు నొక్కితే చక్రం జారిపోతుంది. ముందే వేగం తగ్గించి, బండి వంచకుండా దాటాలి.

ఇదంతా చేతికి అలవాటయ్యాకే కావలి వైపు హైవే ఎక్కండి. అక్కడ లారీ పక్కనుంచి దూసుకుపోతే ఆ గాలికే బండి ఊగుతుంది. ఐఎస్ఐ హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద బెల్టు తప్పకుండా బిగించుకోండి.