కాలిఫోర్నియాలో మానసిక ఆరోగ్య నిధుల ఖర్చు విషయంలో మామూలు జనం మాట చెల్లుతుందా?

చెల్లుతుంది, కాకపోతే సమయానికి చెప్పాలి. 2004లో ఓటర్లు ప్రొపొజిషన్ 63ను (జనం నేరుగా ఓటేసి తేల్చే చట్ట ప్రతిపాదన) గెలిపించడంతో మానసిక ఆరోగ్య సేవల కోసం ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటిన వ్యక్తిగత ఆదాయం మీద 1 శాతం అదనపు పన్ను వచ్చింది, అందులో ఎక్కువ భాగం కౌంటీలకే (మన జిల్లాల్లాంటివి) వెళ్తుంది. 2024 మార్చిలో ప్రొపొజిషన్ 1 నెగ్గాక రూల్స్ మారాయి. కొత్త రూల్స్ ప్రకారం మత్తు వ్యసనాల చికిత్సకూ ఈ డబ్బు వాడొచ్చు, కౌంటీ వాటాలో 30 శాతం మాత్రం ఇళ్ల సాయానికి పెట్టాలి.

ఖర్చు ప్రణాళికను ప్రతి కౌంటీ మూడేళ్లకోసారి వేస్తుంది. ముసాయిదాను 30 రోజులు జనం ముందుంచి, తర్వాత కౌంటీలోని మానసిక ఆరోగ్య బోర్డు జనం అభిప్రాయాలు వినే బహిరంగ విచారణ జరపాలి. నన్నడిగితే అప్పటిదాకా ఆగకండి, ముసాయిదా బయటికొచ్చేసరికి అంకెలు చాలావరకు ఖాయమైపోతాయి. అంతకుముందు జరిగే సమావేశాలకే వెళ్లి, "సేవలు బాగాలేవు" అని ఊరుకోకుండా, ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయినవాళ్లకు మొదటి అపాయింట్‌మెంట్ ఎన్నాళ్లకు దొరుకుతోంది, పని ముగించుకుని సాయంత్రం వెళ్తే క్లినిక్ తెరిచి ఉంటోందా అని సూటిగా అడగండి. అడిగింది రాసి కూడా ఇవ్వండి, ఎందుకంటే మార్పులు కోరుతూ రాసిచ్చిన ముఖ్యమైన సూచనలను తుది ప్రణాళికలో చూపించాల్సిందే.