వావిలి కంచె వేసుకో అమ్మడూ

పర్లాకిమిడి

అమ్మడూ,

పెద్దమ్మ ఆశీస్సులు. గుణుపురంలో కొన్న ఆ నేల చెక్క చుట్టూ ముళ్ళతీగ లాగించమంటావా, సిమెంటు స్తంభాలు పాతించమంటావా అని అడిగావు. రెండూ వద్దు. ఉన్న డబ్బులు బావికి దాచుకో. కంచెకి వావిలి చాలు. ఏటి ఒడ్డున, గెడ్డల పక్కన ఎవరూ పాతకుండానే పెరిగే మొక్క అది. వంశధార పక్క మీ ఇసుక నేలలో రాకపోతే ఇంకెక్కడొస్తుంది?

నర్సరీకి వెళ్ళి కొనకు. ఊళ్ళో వాళ్ళకి వావిలి అంటే తెలియకపోతే ఒడియాలో బెగునియా అని అడుగు, చూపిస్తారు. చెయ్యి విప్పినట్టు ఒకే కాడకి ఐదు ఆకులుంటాయి, అక్కడక్కడా మూడే ఉంటాయి. ఆకు తిరగేస్తే అడుగున తెల్లగా, బూడిద రాసినట్టు ఉంటుంది. లేత కొమ్మ పట్టుకుంటే నాలుగు పలకలు వేలికి తగులుతాయి. నలిపితే ఘాటు వాసన. పువ్వు చిన్నది, నీలం కలిసిన ఊదా రంగు, గుత్తులు గుత్తులుగా వస్తుంది. వినాయక చవితి పూజలో సింధువార పత్రమని చదువుతారే, ఈ ఆకే.

ఆరుద్ర కార్తెలో రెండు మంచి వానలు పడ్డాక పాతు. ముదురు కొమ్మలే కొయ్యాలి, లేతవి కుళ్ళిపోతాయి. పెన్సిలు లావు నుంచి బొటనవేలు లావు దాకా, జానెడు పైచిలుకు ముక్కలు చెయ్యి. కింది కొన ఏటవాలుగా, పై కొన తిన్నగా కోస్తే తలకిందులుగా గుచ్చే పని ఉండదు. కూలివాళ్ళకి ఇది దగ్గరుండి చెప్పు, లేకపోతే సగం తిరగబడతాయి. రెండు కణుపులు మట్టిలోకి దిగాలి. అడుగుకొకటి చొప్పున రెండు వరసలు వెయ్యి. ఒక వరసలో ఖాళీ ఉన్నచోటికి ఎదురుగా రెండో వరసలో మొక్క రావాలి. నీళ్ళు నిలిచే పల్లం ఉంటే అక్కడ గట్టు పోసి పాతు.

మేకలు వావిలి తినవు అని అందరూ అంటారు. నిజమే, సాధారణంగా ముట్టవు. కానీ తినకపోయినా సందులోంచి దూరతాయి కదా! అందుకే మొదటి ఏడు ముళ్ళకంప అడ్డం పెట్టక తప్పదు. మొక్క మోకాలెత్తు రాగానే తల తుంచెయ్. చూస్తూ చూస్తూ తుంచడానికి మనసొప్పదు గానీ, తుంచకపోతే సన్నగా పైకి పోయి చెట్టంత అవుతుంది, కింద అంతా బోడి. తుంచేకొద్దీ మొదట్లోంచి పిలకలు వేస్తుంది. ఒక సంగతి ముందే చెబుతున్నా, ఎండాకాలంలో ఆకు రాల్చేస్తుంది. చచ్చిపోయిందని పీకించెయ్యకు. కొమ్మ మీద గోటితో గీరి చూడు, లోపల పచ్చగా ఉంటే వానకి చిగురిస్తుంది. రెండు వరసలు వెయ్యమన్నది కూడా ఇందుకే, ఆకు లేనప్పుడు పుల్లలే కంచె కావాలి.

మీ పక్కవాళ్ళు లొట్టపీసు గుచ్చుకోమంటారు. తొందరగా వచ్చేమాట నిజమే. అది మన మొక్క కాదు, పశువు తింటే విషం, ఒకసారి పట్టుకుంటే చెరువులూ కాలవలూ కమ్మేస్తుంది. వద్దంటే వద్దు.

మీ ఆడపడుచు పురిటికి వస్తోందన్నావు, ఆకు అవసరం పడుతుంది. రెండు పిడికిళ్ళ ఆకు కడిగి పెద్ద గిన్నెలో వేసి, నీళ్ళ రంగు మారేదాకా మరిగించి, వడకట్టి, చల్లనీళ్ళు కలిపి ఒళ్ళు తట్టుకునే వేడిలో తనకి స్నానం చేయించు. నడుముకీ కీళ్ళకీ హాయిగా ఉంటుంది. ఆపరేషను పురుడైతే మాత్రం కుట్లు మానేదాకా ఆగి, డాక్టరుని అడిగాకే. పసిగుడ్డుకి ఈ నీళ్ళు వద్దు. వావిలి కషాయం తాగించమని ఎవరైనా చెబితే వినకు, కడుపుతో ఉన్నప్పుడు అసలే కూడదు. మీ మామగారి మోకాళ్ళకి ఆకు పెనం మీద వెచ్చచేసి గుడ్డలో కట్టి కాపడం పెట్టు. వాపు దిగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళు, ఆకు మీదే కూర్చోకు.

మినుములు, పెసలు డబ్బాకెత్తేటప్పుడు నీడన ఎండిన ఆకు పొరలు పొరలుగా వేస్తే పురుగు తగ్గుతుంది. పచ్చాకు డబ్బాలో పెట్టావంటే చెమ్మ చేరి బూజు పడుతుంది. సాయంత్రం నిప్పుల మీద ఎండాకు వేస్తే దోమలు పోతాయి, ఆయాసం ఉన్నవాళ్ళ గదిలో మాత్రం పొగ పెట్టకు. కత్తిరించిన రొట్ట పారెయ్యకుండా వరిమడి దమ్ములో తొక్కించెయ్.

కొమ్మలు నేను కోయించి గుణుపురం పాసింజరులో మీ తమ్ముడి చేత పంపిస్తాను. తడి గోనెసంచీలో చుట్టి ఇస్తాను, వాడు కిటికీ పక్క ఎండలో పెట్టకుండా చూసుకోమను. అవి వచ్చేసరికి గోతులు తయారుగా ఉంచు, అందిన రోజే పాతెయ్యాలి. ఆ చెక్క చుట్టుకొలత ఎన్ని అడుగులో కొలిచి ఫోను చెయ్యి, ఎండిపోయేవి ఎలాగూ ఉంటాయి కనక లెక్క మీద కొన్ని ఎక్కువే కోయిస్తాను.

మీ పెద్దమ్మ