407 తుప్పు: మొత్తం రేకు మార్చక్కర్లేదు

అన్నా, నీ పాత టాటా 407 లారీ తలుపుల కింద, క్యాబిన్ ఫ్లోర్‌లో తుప్పు పట్టింది, టింకరింగ్ వాళ్లు మొత్తం రేకు మార్చాలంటున్నారు, అంత డబ్బు లేదన్నావు కదా. ముందు స్క్రూడ్రైవర్ మొనతో తుప్పు ఉన్న చోటల్లా గట్టిగా పొడిచి చూడు. దిగకపోతే పైతుప్పే, ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. దిగిపోయిందా, ఆ ముక్క వరకే కోయించి కొత్త రేకు వెల్డింగ్ పెట్టించు, బ్యాటరీ వైర్లు తీసేశాకే. పైన పుట్టీ రుద్ది రంగేస్తే లోపల తుప్పు తింటూనే ఉంటుంది. చిత్తూరులో నాకు ఒకాయన అలాగే చేసిచ్చాడు, నవంబరు వానలకే బుడగలు లేచాయి.

పైతుప్పుకి గ్రైండర్‌కి వైర్ బ్రష్ పెట్టి మెరిసే ఇనుము కనిపించేదాకా గీకు, కళ్లద్దాలు మాస్కు మర్చిపోవద్దు. గుంటల్లో మిగిలినదానికి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ (తుప్పుని గట్టి పొరగా మార్చే మందు) పూయి, ఆరాక ఎపాక్సీ ప్రైమర్ (రంగు కింద వేసే పూత), ఆపైన రంగు. ప్రైమర్ అదే రోజు కొట్టేయాలి, రాత్రి మంచుకి ఒట్టి ఇనుము మళ్లీ ఎర్రబడుతుంది.

తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయి ఉంటాయి, పుల్లతో తీసెయ్, అసలు రోగం అక్కడే. టమాటా లోడు దింపాక కారిన పులుపు నీళ్లు కూడా కడిగెయ్. ఛాసిస్‌లో, అదే బండి బరువు మోసే కింది చట్రంలో, స్క్రూడ్రైవర్ మొన దిగితే మాత్రం నువ్వు ముట్టుకోవద్దు, తెలిసినోళ్లకి చూపించు.