పదమూడో పుస్తకం మీద నీ కోపం

చిరంజీవికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. షార్లేన్ హ్యారిస్ రాసిన వాంపైర్ నవలలు, ఆ సూకీ స్టాక్‌హౌస్ సిరీస్‌లో ఆఖరి పుస్తకం పూర్తిచేసిన రాత్రే రాసినట్టున్నావు, వేడి ఇంకా తగ్గలేదు. "పదమూడు పుస్తకాలు చదివించి, చివరికి సూకీ శామ్‌తోనా?" అని మూడుచోట్ల అడిగావు. నీకు తోడు చాలామందే ఉన్నారులే. 2013లో అది వచ్చినప్పుడు షార్లేన్ హ్యారిస్ మీద పాఠకులు విరుచుకుపడ్డారు. ముగింపు ముందే బయటికి పొక్కడంతో కొందరు బెదిరింపులకు కూడా దిగారు. అంత దూరం పోకూడదనుకో. కానీ నీ కోపాన్ని నేను కొట్టిపారెయ్యను. నువ్వూ ఒక దెయ్యాల సిరీస్ రాస్తున్నావు కాబట్టి ఆ కోపాన్ని కాస్త విప్పి చూద్దాం.

శామ్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2001లో వచ్చిన మొదటి పుస్తకంలోనే ఉన్నాడు, సూకీ పనిచేసే బార్ యజమానిగా. పన్నెండో పుస్తకం చివర అతను చచ్చిపోతే, సూకీ తన దగ్గరున్న ఒకే ఒక్క మాయవస్తువును వాడేసి అతన్ని బతికించుకుంటుంది. పైగా ఆ పిల్లకి ఎండలో పడుకోవడమంటే ప్రాణం. పగలంతా శవంలా పడి ఉండే వాంపైర్ ప్రియుడు ఎరిక్‌తో ఎన్నాళ్లని కాపురం చేస్తుంది? లెక్క చూస్తే ముగింపు సరిగ్గానే కుదిరింది.

మరి నీకెందుకు మింగుడుపడలేదు? పేజీల వల్ల. శామ్ మంచితనం ఒక పేరాలో అయిపోతే, ఎరిక్ వచ్చాడంటే అధ్యాయమే అతనిదైపోయేది. రచయిత మనసులో ఏముందో పాఠకులకు తెలీదు. ఎవరు గదిలోకి వస్తే వాక్యాల్లో ఊపు వస్తోందో మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. దాన్నే వాళ్లు ఇచ్చిన మాటగా తీసుకుంటారు.

ఇంకొకటుంది, నాకు ఇదే పెద్ద తప్పనిపిస్తుంది. ఎరిక్ ఎందుకు దూరమయ్యాడు? అతన్ని వాంపైర్‌గా మార్చినవాడు, తను పోకముందే, ఓక్లహామా రాణితో అతనికి పెళ్లి ఒప్పందం కుదిర్చిపోయాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తెంచుకోవాల్సిన ముడిని, ఎప్పుడో పోయినవాడి ఒప్పందం తెంచేసింది. ఆ మాయవస్తువును ఎరిక్ కోసం వాడకపోవడంలో సూకీ నిర్ణయం ఉంది కదా అంటావేమో. ఉంది. కానీ అది అంత గొడవ మధ్యలో, ఒక్క క్షణంలో జరిగిపోయింది. "నువ్వు నాకు వద్దు" అని ఆమె అతని మొహం మీద చెప్పే సన్నివేశం ఒకటి తీరిగ్గా రాసి ఉంటే, నువ్వు ఏడ్చేదానివి. తిట్టేదానివి కాదు.

నేనూ తక్కువ తినలేదు. నా మొదటి దెయ్యం సీరియల్ ఎటు పోతోందో నాకే తెలీక, చివరి రెండు వారాల్లో ఒక మంత్రపు ఉంగరాన్ని పట్టుకొచ్చి దెయ్యాన్ని వదిలించేశాను. ఒక పాఠకురాలు కార్డు ముక్క మీద రాసింది: "ఈ ఉంగరం ముందే ఇచ్చుంటే మేం ఇన్ని వారాలు టెన్షన్ పడేవాళ్లం కాదుగా!" నవ్వొచ్చింది, తర్వాత రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ దెయ్యానికి ఏం కావాలో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదని అప్పుడు తెలిసింది. నీ దెయ్యానికి ఏం కావాలో నీకు తెలుసా? నాకు పంపిన పేజీల్లో అయితే కనిపించలేదు.

ఒక పని చెయ్యి. రాసినంతవరకూ ముందేసుకుని, ఎవరెవరు ఎన్ని పేజీల్లో ఉన్నారో పెన్సిల్‌తో గుర్తుపెట్టు. నీ కథానాయిక చివరికి ఆ గ్రంథాలయం కుర్రాడి దగ్గరికే చేరుతుందని ఉత్తరంలో రాశావు. నువ్వు పంపిన అరవై పేజీల్లో అతను నాలుగుసార్లు వచ్చాడు, అందులో రెండుసార్లు తలుపు తీసి పక్కకి తప్పుకున్నాడంతే. ఆ నల్లకోటు దెయ్యానికేమో ఇరవై పేజీలిచ్చావు, అవి బాగున్నాయి కూడా. మూడో భాగం మొదలుపెట్టేలోపు ఆ కుర్రాడికి ఏదైనా పని చెప్పు, లేదా ముగింపు మార్చు. ఏది చేసినా ముందు నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు