ఆయన ముభావంగా ఉంటే నాకు అన్నం సయించదు

ప్రశ్న: మాకు పెళ్లయి తొమ్మిదేళ్లయింది. మావారు ఆఫీసు నుంచి ముభావంగా వస్తే ఆ రాత్రి నాకు అన్నం సయించదు, నిద్ర పట్టదు, తెల్లవారేసరికి తలనొప్పి. ‘నీ సంతోషం భారమంతా నా మీద వేయకు’ అని ఆయన విసుక్కుంటారు. పట్టించుకోవడం మానేస్తే ఎవరికి వారమైపోతామేమోనని భయంగా ఉంది.
– ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: పట్టించుకోవడం మానేయమని నేను చెప్పను. కరెంటు షాకు తగలబోతోందని తెలిసిన వివాహిత స్త్రీలు భర్త చేయి పట్టుకున్నప్పుడు వారి మెదడులో ముప్పుకు స్పందించే భాగాల అలజడి తగ్గిందని, అన్యోన్యంగా ఉన్న దంపతుల్లో అది మరింత తగ్గిందని అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ కోన్ బృందం 2006లో గమనించింది. అంతకు ముందు ఏడాది అదే దేశంలోని ఒహాయో రాష్ట్రంలో 42 జంటల చేతులపై చిన్న పొక్కు గాయాలు చేసి చూడగా, కటువుగా మాట్లాడుకునే దంపతుల్లో అవి మానే వేగం తక్కిన వారితో పోలిస్తే 60 శాతమే ఉంది. కాబట్టి ఆయన మనఃస్థితి మీ ఒంటిని తాకడం వింత కాదు. ఆయన మాట్లాడేదాకా మీ తిండీ నిద్రా ఆగిపోవడమే చిక్కు. భర్త తిననిదే తినకపోవడాన్ని సుగుణమని మెచ్చుకుంటూ వచ్చిన మన ఇళ్లకు కూడా ఇందులో వాటా ఉంది.

కుటుంబ చికిత్సకు పునాది వేసినవారిలో ఒకరైన మనోవైద్యుడు ముర్రే బోవెన్, ఆత్మీయుల ఆందోళనకు దగ్గరగా ఉంటూనే అందులో కొట్టుకుపోకుండా నిలబడగలగడాన్ని పరిణతిగా భావించాడు. ముఖం చాటేసి దూరం జరగడం బోవెన్ దృష్టిలో స్వతంత్రత కాదు, అదీ ఆధారపడటమే. ఈ మాట మీకంటే మీవారికి ఎక్కువగా వర్తిస్తుంది. ‘ఆఫీసు చికాకు, నీ మీద కోపం కాదు, కాసేపాగి మాట్లాడుకుందాం’ అని ఒక్క మాట చెప్పడం ఆయన బాధ్యత, ఆ మాట ఆయన్ను అడిగి తీసుకోండి.

మీరు మాత్రం ‘నా వల్ల ఏమైనా నొచ్చుకున్నారా?’ అని ఒక్కసారే అడిగి, కాదంటే నమ్మి, వేళకు భోంచేయండి. మళ్లీ మళ్లీ అడగాలనిపించే ఆ గంటలోనే అక్కతోనో స్నేహితురాలితోనో మాట్లాడండి. మొదట్లో ఇది మనసు చంపుకున్నట్టే అనిపిస్తుంది. ఆ మౌనం మిమ్మల్ని శిక్షించడానికో అవమానించడానికో అయితే మాత్రం ఈ సలహా సరిపోదు, పెద్దవారినో కౌన్సెలర్‌నో కలుపుకోవాలి. ఈలోగా బీపీ చూపించుకోండి, నిద్రలేమి రెండు వారాలు దాటితే వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.