తేలిన కణాలను పారబోయకు

విజయనగరం

అమ్మలూ,

పీహెచ్‌డీకి కిడ్నీ గొట్టాల కణాల చావు మీద పని తీసుకున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. కిడ్నీ జబ్బులతో అల్లాడే ఉద్దానంలోని మన సోంపేట పిల్ల కిడ్నీ పని ఎంచుకుందంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఆ వెనకే గుబులూ పట్టుకుంది. "కాస్పేజ్‌లను ఆపేస్తే కణం బతికిపోతుంది పెద్దమ్మా" అని నాతో చెప్పమన్నావట. కాస్పేజ్‌లంటే కణం తనను తాను చంపుకోవడానికి వాడే ఎంజైములు కదా. వాటిని ఆపితే చాలన్న ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం.

మన తోటలో కొబ్బరిమట్ట ఎలా రాలుతుందో చూశావు కదా. ముదిరి, ఎండి, మొదలు వదులై తనంతట తానే పడుతుంది. మానుకు ఒక మచ్చ మిగులుతుంది, చెట్టు చెక్కుచెదరదు. 2018లో తిత్లీకి విరిగి పడిన చెట్ల సంగతి వేరు. కణాల చావూ ఇలా రెండు రకాలు. మొదటి రకం చావుకి 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు ఎపాప్టోసిస్ అని పేరు పెట్టారు. గ్రీకులో ఆ మాటకి రాలిపోవడమనే అర్థం. కణం ముడుచుకుని ముక్కలవుతుంది, పక్క కణాలు ఆ ముక్కల్ని మింగేస్తాయి, వాపు రాదు. పొర పగిలి లోపలి సరుకంతా బయటపడే చావు మాత్రం వాపు తెస్తుంది. ఈ రెండోదానికి క్రమమేమీ లేదని చాలాకాలం అనుకున్నారు. కానీ నెక్రాప్టోసిస్‌లో కణం పగిలేది కూడా వరస ప్రకారమే, ఒక ప్రొటీన్ తర్వాత ఒకటి: రిప్‌కే1, రిప్‌కే3, చివర్న పొరకు చిల్లు పెట్టే ఎంఎల్‌కేఎల్. ఆ వరసను అదుపులో ఉంచేది కాస్పేజ్-8. కాస్పేజ్‌లన్నిటినీ ఆపే జెడ్‌వాడ్ మందు వేసి నువ్వు ఆపబోయేవాటిలో అదీ ఉంది!

ఇది ప్లేటులో మాత్రమే జరిగే సంగతి అనుకోకు. కొవ్వు పట్టి గట్టిపడుతున్న కాలేయానికి ఎమ్రికాసన్ అనే కాస్పేజ్ నిరోధకాన్ని 72 వారాలు ఇచ్చి చూశారు. ఫలితాలు 2020లో వచ్చాయి. మొదట్లో రక్తంలో ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే పెరిగే ఎంజైము) తగ్గింది, మందు కాస్పేజ్‌లను ఆపిందనీ తేలింది. బయాప్సీ తీస్తే మాత్రం మేలు కనబడలేదు సరికదా, ఫైబ్రోసిస్ (మచ్చకట్టి గట్టిపడడం), కణాల ఉబ్బు పెరిగి ఉండొచ్చన్న అనుమానం మిగిలింది. కణాలు ఇంకో రకం చావుకి మళ్ళి ఉంటాయని ఆ పని చేసినవాళ్ళే రాశారు.

ఇక అసలు తప్పుకి వస్తాను. ఏళ్ళు గడిచినా లాబుల్లో ఇది పోలేదు. ప్లేటులో పాత మీడియం పీల్చి పారబోయడం, పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో కడగడం, అతుక్కున్న కణాల్ని ఊడదీసే ట్రిప్సిన్ పోయడం. కణాలు పెంచేవాళ్ళందరి చేతికీ పట్టేసిన అలవాటు ఇది. కానీ చచ్చిన కణం ప్లేటుని వదిలేసి మీడియంలో తేలుతుంది. నువ్వు లెక్కపెట్టాల్సినవే సింకులోకి పోతాయి. మందు వెయ్యని వెల్‌లో (ప్లేటులోని గుంటలో) వందలో 40 చచ్చి, వాటిలో 30 తేలాయనుకో. అవి పారబోస్తే 70లో 10 కనబడతాయి, అంటే 14 శాతం. మందు వేసిన వెల్‌లోనూ 40 చచ్చి, అవి పగిలే చావులు కాబట్టి 38 ఊడొచ్చేశాయనుకో. అప్పుడు 62లో 2, అంటే 3 శాతం. రెండు చోట్లా చచ్చినవి నలభయ్యే. నీ బొమ్మలో మాత్రం మందు పనిచేసినట్టే ఉంటుంది, దాని మీద పేపరూ రాసేస్తావు. నాకు భయం ఇక్కడే.

అందుకని పాత మీడియం ఒక ట్యూబులోకి, పీబీఎస్ కడుగూ అదే ట్యూబులోకి, ట్రిప్సిన్‌తో ఊడినవీ అందులోకే. ట్రిప్సిన్ ఈడీటీఏ లేనిది వాడు, ఎక్కువసేపు ఉంచకు. చస్తున్న కణం పొరకి అంటుకునే రంగు అనెక్సిన్. అది అతుక్కోవాలంటే కాల్షియం కావాలి, ఈడీటీఏ మిగిలితే ఆ కాల్షియాన్ని లాగేసుకుంటుంది. 300 జీ మీద 5 నిమిషాలు తిప్పి, చల్లటి పీబీఎస్‌తో రెండుసార్లు కడుగు. 2.5 మిల్లీమోలార్ కాల్షియం ఉన్న బఫర్ 100 మైక్రోలీటర్లలో లక్ష కణాలు. అనెక్సిన్ 5 మైక్రోలీటర్లు, పొర పగిలిన కణంలోకే దూరే ప్రోపిడియం అయొడైడ్ రంగు 5 మైక్రోలీటర్లు, చీకట్లో 15 నిమిషాలు, మరో 400 మైక్రోలీటర్ల బఫర్, గంటలోపు కణాల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్ మెషీన్ మీద. రెండు రంగులూ ఎక్కిన కణం ముదిరిన ఎపాప్టోసిసో నెక్రాప్టోసిసో ఆ బొమ్మ చెప్పలేదు. తెగిన కాస్పేజ్-3కి, ఫాస్ఫేట్ ఎక్కిన ఎంఎల్‌కేఎల్‌కి వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను గుర్తుపట్టే పరీక్ష) చెయ్యి. మొదటిది ఎపాప్టోసిస్‌కి గుర్తు, రెండోది నెక్రాప్టోసిస్‌కి. కణం పగిలితే బయటికి కారే ఎల్‌డీహెచ్ ఎంజైముని కూడా మీడియంలో కొలిచి చూడు.

జెడ్‌వాడ్ ఒక్కటే వేసి ఊరుకోకు. దాంతోపాటు రిప్‌కే1ని ఆపే నెక్రోస్టాటిన్-1ఎస్, ఇనుము వల్ల వచ్చే ఫెరాప్టోసిస్ చావుని ఆపే ఫెరోస్టాటిన్-1, రెండేసి కలిపిన వెల్స్, మందుల్ని కరిగించే డీఎంఎస్‌ఓ ఒక్కటే ఉన్న వెల్ ఉండాలి. డీఎంఎస్‌ఓ 0.1 శాతం దాటనివ్వకు. చివర ఎస్ లేని పాత నెక్రోస్టాటిన్-1 కొనకు, అది ఐడీఓ అనే ఎంజైమునీ ఆపుతుంది. నీ కణాల్లో అసలు రిప్‌కే3 ఉందో లేదో ముందే చూసుకో. చాలా సెల్ లైన్లలో అది మూగబోయి ఉంటుంది. అప్పుడు నెక్రాప్టోసిస్ రాలేదని రాస్తే అబద్ధమే. పోలికకి నెక్రాప్టోసిస్ వచ్చే హెచ్‌టీ-29 కణాలు పెట్టుకో.

కణాల్ని చంపి చూడడానికి వాడే స్టారోస్పోరిన్ ముట్టుకునేటప్పుడు గ్లౌజులు మానకు తల్లీ.

చావుని ఆపడమే జబ్బయ్యే చోట్లూ ఉన్నాయి. చావుని అడ్డుకునే బీసీఎల్-2 ప్రొటీన్ ఎక్కువైన లింఫోమా కేన్సర్‌లో చావాల్సిన కణం చావదు. ఆ బీసీఎల్-2ని అడ్డుకునే వెనెటోక్లాక్స్ మందుకి అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. సీఎల్‌ఎల్ అనే రక్త కేన్సర్ రోగికి ఆ మందుని 20, 50, 100, 200, 400 మిల్లీగ్రాములుగా వారానికో మెట్టు ఎక్కిస్తారు. మొదటి పరీక్షల్లో కేన్సర్ కణాలు ఒక్కసారిగా చచ్చి, పొటాషియం, ఫాస్ఫేట్, యూరిక్ యాసిడ్ రక్తంలోకి వెల్లువెత్తి ప్రాణాలే పోయాయి. ఆ బరువు పడేది కిడ్నీల మీదే.

సెలవులకి వెళ్ళినప్పుడు ఉద్దానంలో ఎవరైనా "మందు కనిపెడుతున్నావంట కదమ్మా" అని అడుగుతారు. వారానికి రెండుసార్లు, మూడుసార్లు డయాలసిస్‌కి తిరిగే వాళ్ళు నీ మాటని పట్టుకు వేలాడతారు. అక్కడ జబ్బు ఎందుకొస్తోందో ఇంకా తేలలేదు. ఆశ పెట్టకు. ప్లేటులో కణాలు చూస్తున్నానని చెప్పు, చాలు.

వేళకి తిను. రాత్రి టైమ్ పాయింట్లకి ఒక్కదానివీ ఉండకు. సిరిమానుకి వచ్చేటప్పుడు మెషీన్ ఇచ్చిన మొదటి ప్లాట్లు తీసుకురా, ఏ కణాల్ని లెక్కలోకి తీసుకోవాలో గీత గీసే గేట్ పెట్టకముందువి. తేలిన కణాలు కలిపిన లెక్క ఒక కాగితం, కలపని లెక్క ఒక కాగితం. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ పెద్దమ్మ