తలలో పొట్టు రాలుతుంటే ముందు నూనె సీసా పక్కన పెట్టండి

"తల ఎండిపోయినట్టుంటోంది, ఒకటే దురద, గోకితే పెద్ద పొలుసులుగా పొట్టు రాలుతోంది, చెవుల వెనక కూడా ఉంది. విజయనగరం వచ్చాకే మొదలైంది. బోరు నీళ్ల వల్లేనా? ఏ నూనె రాస్తే తగ్గుతుంది?" అని మీరు రాసి అడిగారు. ఏ నూనె అన్నదాని కంటే ముందు, అసలు నూనె ఎందుకు అన్నది తేల్చుకోవాలి.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు. కొబ్బరితోటల ఉద్దానంలో పుట్టినవాడు కొబ్బరినూనె వద్దని చెప్పడం మామూలు విషయం కాదు. చర్మం పగిలినా, కాలు బెణికినా, పసిపిల్లకి స్నానం చేయించినా మా ఇళ్లలో ముందు చెయ్యి వెళ్లేది ఆ సీసా మీదకే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి తోటలు నేలకూలాక నూనె కొనుక్కునే పరిస్థితి వచ్చింది. అయినా రాత్రిపూట తలకి దట్టంగా పట్టించడం మాత్రం ఎవరూ మానలేదు. నేనూ అలాగే పెరిగాను. నా తలలో పొట్టు కూడా అలాగే పెరిగింది.

ఏం చేసినా తగ్గకపోయేసరికి మా అమ్మ అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకుంది. చర్మం జబ్బులకి ఆయనే దిక్కని మా జిల్లాలో అందరి నమ్మకం, నాది కూడా. ఒక ఆదివారం తలనీలాలు ఇవ్వడానికి వెళ్లాం. తల తడిపి కత్తి పెట్టిన పెద్దాయన రెండు గీతలు గీసి ఆగిపోయాడు. కత్తిని నా కళ్ల ముందుకి తెచ్చి, "ఏటి బాబూ, ఇది ఎండిపోయిన పొట్టు కాదు. కత్తికి ఎలగ అంటుకుంటందో సూడు. ఎంత నూనె రాస్తన్నారు?" అన్నాడు. అంచుకి పసుపు రంగులో మైనంలా అతుక్కుని ఉంది. గుండు పూర్తయ్యాక అమ్మకి కూడా చూపించాడు. నుదుటి అంచు, చెవుల వెనక, మెడ పైభాగం ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "అమ్మా, కొన్నాళ్లు నూనె మానీయండి, డాక్టరుకి సూపించండి" అని ఆయనే చెప్పాడు. రోజూ వందల తలలు చూసే మనిషి మాట అది. తర్వాత శ్రీకాకుళంలో చూపించిన చర్మ డాక్టరు కూడా అదే మాట అన్నారు. ఆ పెద్దాయనకి ఈ రోజుకీ దణ్ణం పెట్టుకుంటాను.

డాక్టరు చెప్పిన కారణం ఇది. మలసీజియా అనే ఒక రకం ఫంగస్ మనందరి తలల మీదా ఉంటుంది. దానికి కావలసిన కొవ్వుని అది సొంతంగా తయారు చేసుకోలేదు, మన మాడు మీది జిడ్డు నుంచే తీసుకుంటుంది. ఆ జిడ్డుని విరగ్గొట్టినప్పుడు వచ్చే పదార్థాలు కొందరి చర్మానికి పడవు. దురద, ఎరుపు, పొట్టు అలా వస్తాయి, అదే చుండ్రు. పొట్టు చూసి ఎండిందనుకుని నూనె పోస్తే ఆ ఫంగస్‌కి మేత వేసినట్టే. చలికాలంలో, నిద్ర తక్కువై టెన్షన్ ఎక్కువైనప్పుడు ఇది ముదురుతుంది.

నిజంగా పొడిబారిన తల కూడా ఉంటుంది, కాదనను. సన్నగా, తెల్లగా పౌడరులా రాలుతుంది, జిడ్డు ఉండదు, కాళ్లూ చేతులూ కూడా గీస్తే తెల్లగీతలు పడేలా ఉంటాయి. అలాంటివాళ్లు వేడివేడి నీళ్లు తల మీద పోసుకోవడం మానాలి, షాంపూ తగ్గించాలి, స్నానానికి గంట ముందు కాస్త నూనె రాసి కడిగేసుకోవచ్చు. కానీ మీరు పెద్ద పొలుసులని, చెవుల వెనక కూడా ఉందని రాశారు. నా లెక్కలో అది చుండ్రే.

మందు విషయానికొస్తే, నాకు ఇచ్చింది ఆ ఫంగస్‌ని తగ్గించే 2 శాతం కీటోకోనజోల్ షాంపూ. దీన్ని వాడే పద్ధతి మందుల షాపులో ఎవరూ చెప్పరు, నాకు కోపం వచ్చేది అక్కడే. జుట్టుకి రాసి నురగ రాగానే కడిగేస్తే డబ్బులు నీళ్లలో పోసినట్టే. జుట్టు పాయలు తీసి మాడుకి పట్టించాలి, మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచాలి, తర్వాత కడగాలి. వారానికి రెండుసార్లు చొప్పున రెండు నుంచి నాలుగు వారాలు. తగ్గాక కూడా వారానికో, రెండు వారాలకో ఒకసారి వాడుతూ ఉండాలి, ఎందుకంటే ఇది మళ్లీ వస్తుంది. ఒకేసారి శాశ్వతంగా పోగొడతాం అనే సెలూన్ ప్యాకేజీలకి వందలు పోయకండి. నిమ్మరసం కూడా వద్దు, గోకి గోకి పుండైన చోట అది పెట్టే మంట ఇంతా అంతా కాదు.

అడగ్గానే స్టెరాయిడ్ కలిపిన క్రీము చేతిలో పెట్టే షాపులున్నాయి చూడండి, వాటితో మరీ జాగ్రత్త. రెండు రోజుల్లో దురద పోతుంది, ఆపగానే తిరగబెడుతుంది. డాక్టరు చెప్పకుండా నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది.

ఇక బోరు నీళ్లు. మా ఉద్దానంలో నీళ్లంటే భయం ఎందుకో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరూరా కిడ్నీ జబ్బులు, అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. ఆ భయం వల్ల ఏ జబ్బొచ్చినా నీళ్ల మీదకే నెడుతున్నాం. ఉప్పు నీళ్లకి షాంపూ నురగ సరిగా రాదు, జుట్టు బిరుసెక్కుతుంది, అంతవరకు నిజం. చుండ్రుకి మూలం మాత్రం అది కాదు. ఫిల్టరు కొనే డబ్బుతో డాక్టరుకి చూపించుకోండి. శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రి రిమ్స్‌లో చర్మం ఓపీ ఉంది.

షాంపూ సరిగ్గా వాడినా నెలకి తగ్గకపోతే, వెండి రంగులో మందమైన పొలుసులు నుదుటి మీదకి దిగినా, మోచేతులు, మోకాళ్ల మీద కూడా కనిపించినా అది సోరియాసిస్ కావచ్చు. ఇంట్లో పిల్లలకి పొట్టుతో పాటు గుండ్రంగా జుట్టు ఊడుతుంటే తామర అయ్యుండొచ్చు. దానికి షాంపూ చాలదు, మాత్రలు వేయాలి, ఒకరి దువ్వెన ఒకరు వాడకూడదు. అలాంటి పిల్లల్ని నూనెలతో నాన్చకుండా ఆ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.